అప్పు లెక్క తెలిసిన పిల్లలు

మడకశిర, రొళ్ల, అగళి, గుడిబండ, అమరాపురం. ఈ ఐదు మండలాల్లో ఏ పల్లెలోనైనా ఇంటర్ చదివే పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, ‘మీ ఇంటికి అప్పు ఎంతుందప్పా?’ అని అడిగి చూడండి. చాలామంది తడుముకోకుండా చెప్తారు. సొసైటీలో ఎంత, బ్యాంకులో అమ్మ నగలు పెట్టి తెచ్చింది ఎంత, మేనమామ దగ్గర చేబదులు ఎంత, బయట తెచ్చినదానికి వడ్డీ నూటికి రెండా మూడా, అన్నీ తెలుసు. ఈ లెక్క వాళ్లకు ఎవరూ పనిగట్టుకుని చెప్పి ఉండరు. రాత్రి సంగటి తింటున్నప్పుడు పెద్దవాళ్ల మాటలు చెవిన పడి ఉంటాయి. నిద్రపోయారనుకుని మనం మాట్లాడుకున్నవి వాళ్లు మేలుకుని విని ఉంటారు.

ఆ లెక్క మనసులో పెట్టుకుని పుస్తకం ముందు కూర్చునే పిల్లల గురించి, వాళ్లలో కొందరికి వచ్చే ఒక జబ్బు గురించి ఈవేళ మాట్లాడదామనుకుంటున్నాను. డాక్టర్లు దాన్ని డిప్రెషన్ అంటారు. దిగులు పట్టుకుంది అంటాం మనం. అది నయమయ్యే జబ్బు. నయం చేసేవాళ్లు ఉన్నారు. పిల్లవాడికీ వాళ్లకూ నడుమ అడ్డం పడుతున్నది చాలాసార్లు ఆ అప్పు లెక్కేనని నా నమ్మకం.

మన ప్రాంతం సంగతి మీకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. నైరుతి మేఘాలు పడమటి కనుమలు దాటి మనదాకా వచ్చేసరికి వాటిలో తడి అయిపోతుంది. ఈశాన్యం తూర్పు తీరం మీద కురిసి, మన వంతుకు తుంపరలే మిగులుస్తుంది. ఉమ్మడి అనంతపురం జిల్లాకు ఏడాది మొత్తం మీద పడేది 550 మిల్లీమీటర్ల చిల్లర. దేశంలో జైసల్మేర్ తర్వాత ఇంత తక్కువ వాన మనకేనని చిన్నప్పటినుంచీ వింటూనే ఉన్నాం. వేరుశనగ వేసి మబ్బుల వైపు చూస్తాం. అమరాపురం, అగళి వైపు వక్కతోటలు, కొబ్బరితోటలు, మల్బరీ మళ్లు పచ్చగా కనిపిస్తాయి కానీ వాటి ప్రాణమంతా బోర్లలో ఉంది. పని లేని నెలల్లో బెంగళూరు బస్సెక్కుతాం. ఒకాయన సెంట్రింగ్ పనికి, ఒకామె గార్మెంట్స్ ఫ్యాక్టరీకి, ఇంకొకాయన ఏ అపార్ట్‌మెంట్‌కో వాచ్‌మన్‌గా.

ఇట్లాంటి చోట తల్లిదండ్రులు చదువు మీద ఆశ పెట్టుకోవడంలో తప్పేముంది? వానతో పనిలేని పంట అదొక్కటే అనిపిస్తుంది. అయితే ఆ ఆశ కొన్నేళ్లుగా ఒక కొత్త రూపం తీసుకుంది. బోరు వేసినట్టు చదివిస్తున్నాం. నాలుగు వందల అడుగుల్లో నీళ్లు పడకపోతే ఏడు వందలకు పోతాం, అక్కడా పడకపోతే పక్క చేలో ఇంకో పాయింటు పెట్టిస్తాం, దానికోసం ఇంకో అప్పు చేస్తాం. పిల్లవాడి విషయంలోనూ అంతే. ఊరి కాలేజీ చాలదని హిందూపురం, హిందూపురం చాలదని విజయవాడ, అక్కడ మామూలు బ్యాచ్ చాలదని ఇంకా ఎక్కువ ఫీజున్న బ్యాచ్. నీళ్లు పడకపోతే బోరుకు బాధ ఉండదు. పిల్లవాడికి ఉంటుంది. రిగ్గు శబ్దం వినిపిస్తున్నంతసేపూ ఆ ఖర్చు తనమీదే రాసుకుంటూ ఉంటాడు.

రొళ్ల మండలంలో ఒక పల్లె అనుకుందాం. పదో తరగతిలో 600కు 560 తెచ్చుకున్న పిల్లవాడు. నాయన బెంగళూరులో ఉంటాడు, పదిహేను రోజులకొకసారి వస్తాడు. అమ్మ మల్బరీ ఆకు కోసి పురుగులకు వేస్తుంది. బంధువు ఒకాయన చెప్పినాడని పిల్లవాణ్ణి కృష్ణా జిల్లాలో ఒక హాస్టల్ కాలేజీలో ఎంపీసీలో చేర్చారు. కొత్త ట్రంకు పెట్టె, చుట్టిన పరుపు, డబ్బాలో వేరుశనగ చిక్కీలు. ఊరంతా వచ్చి బస్టాండులో ఎక్కించింది.

అక్కడ పొద్దున ఐదుకు గంట కొడతారు. రాత్రి పదిన్నర వరకు తరగతి, స్టడీ అవర్, తరగతి, స్టడీ అవర్. వారానికో పరీక్ష. మర్నాడు గోడ మీద లిస్టు. ఊళ్లో ఫస్టు వచ్చినవాడు ఆ లిస్టులో నూటపద్దెనిమిదో పేరు. సరిహద్దు పల్లెల్లో మన పిల్లలు కొందరు కన్నడ మీడియంలో చదివినవాళ్లు, కొందరు తెలుగు మీడియం. వీడికి మొదటి నెలంతా లెక్చరర్ ఇంగ్లీషులో చెప్పింది నోట్సులో ఎక్కించుకోవడంతోనే సరిపోయింది. అర్థం చేసుకునే తీరిక దొరకలేదు. మార్కులు తగ్గాయి. తక్కువ మార్కుల సెక్షన్‌లోకి మార్చారు. ఏ సెక్షన్ ఎందుకో భోజనాల హాల్లో అందరికీ తెలుసు.

ఆదివారం ఫోన్. వార్డెన్ దగ్గర వరుసలో నిలబడితే వంతుకు ఐదు నిమిషాలు. అమ్మ అడుగుతుంది: ‘బాగుండావా నాయనా? తిన్యావా? బాగ సదువుకుంటుండావా?’ మూడింటికీ ‘ఊ’ అంటాడు. తర్వాత వాడు అడిగే మాట వినండి. ‘నాయనకు మేస్త్రీ దుడ్లు ఇచ్చినాడా?’ పదహారేళ్లవాడు. ఐదు నిమిషాల్లో రెండు నిమిషాలు ఇంటి డబ్బు గురించే అడిగాడు. తన గురించి చెప్పుకోవడానికి మిగిలిన సమయంలో వాడి గొంతు పెగల్లేదు. తాను నిద్రపోవడం లేదని, పుస్తకం తెరిస్తే అదే పేజీ నాలుగుసార్లు చదువుతున్నాడని, ఇంటికి తీసుకుపోండి అని ఎట్లా చెప్తాడు? కట్టిన ఫీజు ఎంతో వాడికి తెలుసు. ఏ నగ పెట్టి తెచ్చారో తెలుసు.

ఈ పిల్లవాడు నేను ఊహించి చెప్పినవాడు. కానీ మీలో కొందరికి మీ ఇంట్లోవాడే కనిపించి ఉంటాడు.

ఇప్పుడు జబ్బు సంగతి. పరీక్ష పోయినప్పుడు రెండు రోజులు ఏడవడం జబ్బు కాదు. స్నేహితుడితో తగవొచ్చి ఒక పూట అన్నం మానడం జబ్బు కాదు. దిగులు గానీ, దేనిమీదా ఇష్టం లేకపోవడం గానీ కనీసం రెండు వారాలపాటు, రోజులో ఎక్కువసేపు ఉంటే అప్పుడు డాక్టర్లు డిప్రెషన్ అనుకుని చూస్తారు. దానితోపాటు నిద్ర చెడుతుంది. కొందరు తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటారు, కొందరు పగలంతా పడుకునే ఉంటారు. ఆకలి పోతుంది, లేదా ఊరికే ఏదో ఒకటి తింటూ ఉంటారు. ఒళ్లు బరువెక్కుతుంది. మనసు దేనిమీదా నిలవదు. తాను పనికిరానివాణ్ణి, ఇంటికి భారం అనే మాట లోపల తిరుగుతూ ఉంటుంది. చావు ఆలోచనలు వస్తాయి.

పెద్దవాళ్లలో ఇది ఏడుపుగా, మౌనంగా కనిపిస్తుంది. పదమూడు నుంచి పంతొమ్మిదేళ్ల వయసులో చాలాసార్లు కోపంగా కనిపిస్తుంది. ఇది తల్లిదండ్రులు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాల్సిన విషయం. ఏమన్నా విసుక్కుంటాడు, తలుపు వేసుకుంటాడు, క్రికెట్‌కు పిలిస్తే పోడు, చెల్లెల్ని కసురుతాడు. ఇంకొందరికి తలనొప్పి, కడుపునొప్పి. ఆర్‌ఎంపీ డాక్టర్ సూది వేస్తాడు, తగ్గదు, ఇంకో సూది. అన్ని పరీక్షలూ బాగున్నాయంటే ‘కాలేజీ ఎగ్గొట్టడానికి నాటకాలు’ అంటాం. వాడి నొప్పి నిజమైనదే. పుట్టిన చోటు వేరు. ఆడపిల్లల్లో ఇంకో చిక్కుంది. మన రాష్ట్రంలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో సగానికి పైగా రక్తం తక్కువ ఉన్నవాళ్లే. నీరసం రక్తహీనతదో, థైరాయిడ్‌దో, దిగులుదో డాక్టరు చూస్తే గానీ తెలియదు. అందుకే ముందు డాక్టరు దగ్గరికి పోవాలి.

ఇది ఎక్కడో ఒకరిద్దరికి వచ్చేది కాదు. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు 2015–16లో పన్నెండు రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేశారు. 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో వందకు ఏడుగురికి పైగా ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. అరవై మంది ఉన్న సెక్షన్‌లో నలుగురన్నమాట. అదే సర్వేలో, డిప్రెషన్ ఉన్నవాళ్లలో వందకు 85 మందికి చికిత్స అందడం లేదని కూడా తేలింది. 2022లో దేశంలో తమ ప్రాణం తామే తీసుకున్న విద్యార్థులు 13,044 మందని జాతీయ నేర గణాంకాలు చెబుతున్నాయి. ఆ సంఖ్యలో మన తెలుగు పిల్లలూ ఉన్నారు.

ఇంట్లో మనం ఏం చేస్తాం? గాలి సోకిందంటాం. దిష్టి తీస్తాం. పెనుకొండ బాబయ్య దర్గాకు తీసుకుపోయి తాయెత్తు కట్టిస్తాం. ప్రేమతోనే చేస్తాం, దాన్ని నేను తప్పుపట్టను. తల్లి చేయి పట్టుకుని దర్గాదాకా నడిస్తే ఆ పిల్లవాడికి కొంచెం ఊపిరి ఆడుతుంది కూడా. తాయెత్తు కట్టించండి, ఆ వారంలోనే డాక్టరు దగ్గరికీ తీసుకుపోండి. రెండూ చేయొచ్చు. చేయకూడనిది మూడోది: ‘నీకోసం మేము ఇంత కష్టపడుతుంటే నీకేం రోగం?’ అనే మాట. ఆ మాట పిల్లవాడు అప్పటికే తనను తాను వందసార్లు అనుకుని ఉంటాడు.

అమ్మాయిల గురించి ఒక్క మాట ఆగి చెప్పాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత లెక్క ప్రకారం మన రాష్ట్రంలో 20 నుంచి 24 ఏళ్ల ఆడవాళ్లలో వందకు 29 మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. మన వైపు పల్లెల్లో ఈ లెక్క పుస్తకంలోది కాదు, పక్కింటిది. ఇంటర్ చదివే అబ్బాయికి ఫెయిలైతే మాటలు పడాలనే భయం. అమ్మాయికి ఫెయిలైతే చదువు ఆగిపోతుందనే భయం, ఆ మరుసటి నెలలో ఎవరో చూడ్డానికి వస్తారనే భయం. ఒక్క సబ్జెక్టు పోతే జీవితమే చేజారిపోతుందని ఆమె అనుకుంటే అది అతి ఆలోచన అనకండి. ఆమె కళ్లముందు అక్కకు జరిగిందదే. ‘ఫెయిలైనా నిన్ను చదివిస్తాను’ అని నాన్న నోటితో, ఫలితాలకు ముందే, ఒకసారి గట్టిగా చెప్పాలి. ఆ మాటకున్నంత బలం ఏ మందుకూ లేదని నాకనిపిస్తుంది.

మార్కుల కాగితం దేవుడి రాత కాదు. 2019 ఏప్రిల్ 18న తెలంగాణలో ఇంటర్ ఫలితాలు వచ్చాయి. మూడు లక్షల మందికి పైగా ఫెయిలయ్యారు. తర్వాతి రోజుల్లో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఫలితాల్లో తప్పులున్నాయని గొడవ మొదలైంది. ఒక అమ్మాయికి 99 మార్కులు రావాల్సిన సబ్జెక్టులో సున్నా వేశారు. ప్రభుత్వం త్రిసభ్య కమిటీ వేసింది, ఫెయిలైన వాళ్లందరి పేపర్లూ ఉచితంగా మళ్లీ చూడమంది. చూస్తే వెయ్యి మందికి పైగా పాసయ్యారు. బోర్డు వేసిన మార్కే కొద్ది వారాల్లో మారింది. దానిమీద ఒక పిల్లవాడి విలువ కట్టడం ఎంత అన్యాయం!

మన రాష్ట్రంలోనూ ఈ కన్నీళ్లు కొత్తవి కావు. 2001లోనే ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం కార్పొరేట్ కాలేజీల్లో పిల్లల చావుల మీద నీరదారెడ్డి కమిటీని వేసింది. 2017లో చక్రపాణి కమిటీ వేశారు. గంటల తరబడి తరగతులు వద్దని, సెలవులివ్వాలని, కౌన్సెలర్లు ఉండాలని కమిటీలు చెప్తూనే ఉన్నాయి. ఆచరణ మాత్రం ఆ సిఫార్సుల వెనక చాలా దూరంలో ఉండిపోయింది.

2023 జూలైలో విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌కు బెంగాల్ నుంచి వచ్చిన పదిహేడేళ్ల అమ్మాయి హాస్టల్లో చనిపోయింది. ఆ తండ్రి న్యాయం కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 2025 జూలై 25న కోర్టు ఆ కేసును సీబీఐకి అప్పగించి, అంతటితో ఆగకుండా దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ పదిహేను మార్గదర్శకాలు ఇచ్చింది. మానసిక ఆరోగ్యం జీవించే హక్కులో భాగమని చెప్పింది. వాటిలో కొన్ని ప్రతి తల్లీతండ్రీ తెలుసుకోవాలి. వందమంది లేదా అంతకంటే ఎక్కువ పిల్లలున్న సంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్ గానీ సైకాలజిస్టు గానీ సోషల్ వర్కర్ గానీ కనీసం ఒకరు ఉండాలి. మార్కులను బట్టి పిల్లల్ని వేరు వేరు బ్యాచ్‌లుగా విడగొట్టకూడదు, నలుగురిలో అవమానించకూడదు. సహాయం చేసే ఫోన్ నంబర్లు హాస్టల్లో, తరగతుల్లో పెద్ద అక్షరాలతో రాసి పెట్టాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. ఇవన్నీ జరుగుతున్నాయో లేదో చూడడానికి జిల్లాలో కలెక్టర్ అధ్యక్షతన కమిటీ ఉండాలి. మన కలెక్టర్ ఉండేది పుట్టపర్తిలో.

కాలేజీలో చేర్చడానికి పోయినప్పుడు ఫీజు ఎంత, ర్యాంకులు ఎన్ని అని అడుగుతాం. ఇకమీద ఇంకో ప్రశ్న కూడా అడగండి: ‘మీ దగ్గర కౌన్సెలర్ ఎవరు? ఒకసారి చూపిస్తారా?’ అడిగే హక్కు మనకుంది. హాస్టల్ గోడ మీద ఆ నంబర్లు ఉన్నాయో లేదో చూడండి. మార్కుల సెక్షన్లు ఉన్నాయని మీ పిల్లవాడు చెబితే, వాడి బాధ వాడి బలహీనత అనుకోకుండా, ఆ పద్ధతి కోర్టు వద్దన్న పద్ధతని గుర్తుచేసుకోండి.

సహాయం దూరంలో ఉందనే అపోహ కూడా మనకుంది. నిజానికి ఈ విషయంలో మన పక్కింటివాళ్లే దేశానికి దారి చూపారు. 1980లలో బళ్లారి జిల్లాలో నిమ్హాన్స్ వాళ్లు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, ఆరోగ్య కార్యకర్తలకు మానసిక జబ్బులు గుర్తుపట్టి మందివ్వడం నేర్పించారు. మనిషి నగరానికి పోకుండా తన ఊరి దగ్గరే చికిత్స పొందగలడని అక్కడ రుజువైంది. దాని ఆధారంగానే 1996లో దేశంలో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. అనంతపురం ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. నిమ్హాన్స్ కూడా మనకు పరాయి దూరం కాదు. హిందూపురం, గౌరిబిదనూరు మీదుగా మనవాళ్లు వారం వారం పనికి పోయే బెంగళూరులోనే, హోసూరు రోడ్డు మీద ఉంది. అక్కడ పిల్లలకు, కౌమార వయసువాళ్లకు వేరే విభాగమే ఉంది.

అంతకంటే ముందు, ఇంట్లో కూర్చుని చేయగలిగిన పని ఒకటుంది. టెలీ మానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన ఫోన్ సేవ. నంబర్ 14416. మళ్లీ చెప్తున్నాను, రాసుకోండి: ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు. పైసా ఖర్చు లేదు. రాత్రీపగలూ పనిచేస్తుంది. తెలుగులో మాట్లాడొచ్చు, కన్నడంలో మాట్లాడొచ్చు. ముందు శిక్షణ పొందిన కౌన్సెలర్ వింటారు, అవసరమైతే డాక్టరుకు కలుపుతారు. ఇప్పటికి దేశంలో ఇరవై లక్షలకు పైగా కాల్స్ వచ్చాయి. పిల్లవాడే చేయాలని లేదు. ‘మావాడు ఇట్లా ఉన్నాడు, ఏం చేయమంటారు?’ అని తల్లి చేయొచ్చు, మేనమామ చేయొచ్చు, హాస్టల్ వార్డెన్ చేయొచ్చు. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు ఏ ఆపద వచ్చినా 1098 కూడా ఉంది.

డాక్టరు దగ్గరికి పోతే పిచ్చివాడని ముద్ర వేస్తారని, పోలీసు కేసవుతుందని భయపడేవాళ్లున్నారు. పాత చట్టంలో ప్రాణం తీసుకోబోవడం నేరం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆ దృష్టిని మార్చింది. అట్లాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడని భావించి, శిక్షించకుండా ప్రభుత్వం చికిత్స, సంరక్షణ ఇవ్వాలంది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ పాత సెక్షన్ లేనే లేదు. కాబట్టి ఏదైనా జరిగితే దాచిపెట్టి సమయం పోగొట్టుకోకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి.

చికిత్స అంటే ఏమిటి? కొంచెంగా ఉంటే మాటలతోనే నయం చేస్తారు. కౌన్సెలర్ వారానికోసారి కూర్చుని, పిల్లవాడి మనసులో తిరిగే ‘నేను పనికిరాను’ అనే ఆలోచన ఎక్కడ పుడుతోందో వాడే పట్టుకునేట్టు చేస్తారు, పడుకునే వేళ, ఆడుకునే వేళ మళ్లీ గాడిలో పెడతారు. ఎక్కువగా ఉంటే మాత్రలు. ఈ మాత్రలు మత్తుమందులు కావు, అలవాటు పడిపోయేవీ కావు. వేసుకున్న మర్నాడే గుణం కనిపించదు. రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, కొందరికి ఇంకొంచెం ఎక్కువ. మొదటి వారాల్లో పిల్లవాణ్ణి దగ్గరుండి కనిపెట్టి చూడాలి, తేడా కనిపిస్తే డాక్టరుకు చెప్పాలి. తేలికపడ్డాడని సొంతంగా ఆపేయకూడదు. బాగైన తర్వాత కూడా కొన్ని నెలలు వాడమంటారు. ఎప్పుడు తగ్గించాలో, ఎప్పుడు ఆపాలో వాళ్లే చెప్తారు.

ఇక అడగడం. మనకు బాగా కష్టమైన పని ఇదే. చావు మాట ఎత్తితే పిల్లవాడికి లేని ఆలోచన కొత్తగా పుడుతుందేమోనని భయం. అట్లా పుట్టదు. అడగడం వల్ల ప్రమాదం పెరగదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది. పైగా, ఎవరికీ చెప్పుకోలేక మోస్తున్న మాట బయటికి రావడానికి దారి దొరుకుతుంది. పదిమంది ముందు అడగొద్దు. చేనికి పోయే దారిలోనో, బండి మీద పక్కన కూర్చున్నప్పుడో, నేరుగా అడగండి: ‘నాయనా, ఈమధ్య నీ మొగం బాగలేదు. బతకాలని లేదని ఎప్పుడన్నా అనిపిస్తాందా?’ అవునంటే అరవకండి, ఏడ్చి వాణ్ణి ఓదార్చే పని వాడిమీదే పెట్టకండి. ఒట్టు వేయించుకోకండి. వినండి. ‘చెప్పి మంచి పని చేసినావు’ అనండి. ఒంటరిగా వదలకండి. ఇంట్లో పొలానికి కొట్టే మందులుంటే తాళం వేసి ఉంచండి. ఆరోజే ఫోన్ చేయండి, లేదా ఆసుపత్రికి పోండి.

అదే సమయంలో అప్పు మాట కూడా తేల్చేయాలి. ‘అప్పు మేము చేసినాము, మేము తీర్చుకుంటాము. అది నీ లెక్క కాదు’ అని నాయన నోటినుంచే రావాలి. కాలేజీ మార్చాల్సి వస్తే మార్చుదాం. మడకశిర ప్రభుత్వ కాలేజీలో చదివినా అదే బోర్డు, అదే సిలబస్, అదే సర్టిఫికెట్. ఎంపీసీ పడకపోతే పాలిటెక్నిక్ ఉంది, ఐటీఐ ఉంది, డిగ్రీ ఉంది. ఒక సబ్జెక్టు పోతే ఏడాది పోదు. ఫలితాలు వచ్చిన కొద్దివారాలకే సప్లిమెంటరీ పరీక్ష. చెన్నైలో 1986లో స్నేహ అనే సంస్థ స్థాపించిన డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ తమిళనాడులో ఈ సప్లిమెంటరీ పరీక్ష కోసమే పట్టుబట్టారు. ఫెయిలైన పిల్లల కళ్లకు వెంటనే ఇంకో తేదీ కనిపిస్తే కొన్ని ప్రాణాలు నిలుస్తాయని ఆమె వాదన. అది అమల్లోకి వచ్చాక పరీక్ష తప్పినందుకు పోయే ప్రాణాలు అక్కడ తగ్గాయి. క్యాలెండర్లో ఇంకో తేదీ ఉండడం అంత పెద్ద విషయం.

ఈ ప్రసంగం వింటున్న పిల్లల్లో ఎవరికైనా లోపల అట్లాంటి బరువు ఉంటే, మీతో నేరుగా ఒక మాట. మీరు సోమరులు కారు, మీ అమ్మానాన్నలకు భారం కారు. అట్లా అనిపించడం జబ్బు లక్షణం. ఆ మాట మీతో చెబుతున్నది జబ్బు. అమ్మకు చెప్పలేకపోతే అవ్వకు చెప్పండి. ఇంట్లో ఎవరికీ చెప్పలేకపోతే మీకు పాఠం చెప్పిన పదో తరగతి అయ్యవారికి చెప్పండి. ‘సార్, నాకు బాగలేదు, ఎవరినన్నా చూపించండి’ అంటే చాలు, మిగతాది వివరించాల్సిన పని లేదు. ఒకరు పట్టించుకోకపోతే ఇంకొకరికి చెప్పండి. మీ స్నేహితుడు ఎవరికీ చెప్పొద్దని మీకు చెప్పి ఉంటే, ఆ రహస్యం దాచకండి. వాడు కోపం చేసుకున్నా పరవాలేదు.

ఏటా ఏప్రిల్‌లో ఫలితాలు వస్తాయి. ఇప్పుడైతే వాట్సాప్‌లోనే వచ్చేస్తున్నాయి. పిల్లవాడు ఒంటరిగా గదిలో కూర్చుని, ఒక్కడే ఆ తెర చూసుకుంటాడు. ఆరోజు తల్లిదండ్రుల్లో ఒకరు పని మానేసి ఇంట్లో ఉండండి. బెంగళూరులో ఉన్న నాయనలు ముందురోజు రాత్రి బస్సెక్కి రండి, ఒకరోజు కూలీ పోతే పోయింది. మార్కు ఎంతైనా ఆ రాత్రి అందరూ కలిసి భోంచేయండి. చుట్టాలు ఫోన్ చేసి ఎంత వచ్చాయని అడిగితే ఆ ఫోన్ మీరే ఎత్తి మాట్లాడండి.

ప్రిన్సిపాళ్లకు, వార్డెన్లకు నా విన్నపం ఒక్కటే: ఈ వారంలో మీ నోటీసు బోర్డు మీద ర్యాంకుల లిస్టు తీసేసి, అక్కడ 14416 అని పెద్ద అంకెలతో రాయించండి. ఇళ్లల్లో కూడా గోడ క్యాలెండర్ మీద, పాల లెక్క రాసుకునే చోట, ఈ నంబర్ రాసి పెట్టండి. మీ పిల్లవాడి చేతే రాయించండి, ఎందుకో చెప్పి రాయించండి.